బండారి పడ్డ గొర్రెలు

మా మేనత్త సత్తెమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. రోజంతా మందను అదిలించే గొంతు అది, ఇంట్లోకి వచ్చినా తగ్గదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినా పోట్లాటకు పిలిచినట్టే ఉంటుంది. ఊళ్లో వాళ్లు ఆమెను గయ్యాళి అంటారు. అననీ. గొంతు పెద్దది గనక మనిషి చెడ్డదని తేల్చేసిన ఆ ఊరు, మెత్తగా మాట్లాడే పెద్దమనుషులు చేసిన పనిని మాత్రం ఇన్నేళ్లయినా తప్పు అనలేదు. నా కోపమంతా అక్కడే ఉంది. దాన్ని దాచుకుని రాయడం నాకు చేతకాదు.

ఆమె అత్తవారి ఊరు మునగాల దగ్గర హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. నేను పుట్టి పెరిగింది సూర్యాపేటలో, ఉద్యోగం కోదాడలో, సర్కారు బడిలో టీచరుని. రెంటికీ మధ్యలో మేనత్త ఇల్లు. సెలవులకు సూర్యాపేట బయలుదేరినా నా బస్సు మునగాల దాటేది కాదు.

మామ లచ్చయ్య జ్వరంతో పోయేనాటికి కొడుకు ధర్మేందర్‌కు ఇంకా మీసాలు రాలేదు. మంద అమ్ముకుని కూలికి పొమ్మని కులపెద్దలు సలహా ఇచ్చారు. ఆడమనిషి గొర్రెల వెంట తిరగడం ఏమిటని నవ్వారు. ఆమె మామ గొంగడి భుజాన వేసుకుని, మామ కర్ర పట్టుకుని మంద వెంట నడిచింది. కోతలైన పొలాల్లో ఎరువు కోసం మంద కట్టమని రైతులు పిలిస్తే, దానికి కూలిగా ఇచ్చే వడ్ల దగ్గర బేరం ఆడటంలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఒక్క ఉన్ని దగ్గర మాత్రం ఆమె ఆట సాగలేదు. ఉన్ని కత్తిరించే రోజుల్లో మగవాళ్లు జట్టు కట్టి ఒకరి మంద తర్వాత ఒకరి మంద కత్తిరించుకుంటారు. సత్తెమ్మ మందకు వంతు ఎప్పుడూ ఆఖర్న. ఒక ఏడాది వానలు పడ్డాక కూడా వంతు రాలేదు. తడిసిన ఉన్నితో గొర్రెలు జబ్బుపడ్డాయి. మరుసటి ఏడు ఆమె సూర్యాపేట వచ్చి కత్తెర కొనుక్కుంది. మా వాకిట్లో కూర్చుని మా నాన్న చేత దానికి సాన పట్టించింది.

"ఆడోళ్లు కత్తెర పట్టొద్దంటరు గదనే" అన్నాడు నాన్న.

"పట్టకుంటె గొర్లు సస్తున్నయి. సచ్చిన గొర్రెకు ఆడ మగ తెలుస్తదా" అంది.

ఆ కత్తెర సంగతి గుర్తుపెట్టుకోండి, దాని పని తర్వాత ఉంది.

ధర్మేందర్ పెద్దవాడై మఠంపల్లి వైపు సిమెంటు లారీ నడపడానికి పోయాడు. పండక్కో పబ్బానికో ఇంటికి వచ్చేవాడు. అతని భార్య సంగీత నాట్లకూ కోతలకూ కూలికి పోయేది. వాళ్లకు ఒక్కతే కూతురు, స్వర్ణ. పుట్టినప్పుడు ఏడవలేదని, చాలాసేపటికి ఏడ్చిందని సంగీత చెబుతుంది. తోటి పిల్లలు పరుగులు తీసే వయసుకు స్వర్ణ నిలబడలేదు. నిలబెడితే మోకాళ్లు రెండూ ఒకదానికొకటి అతుక్కుని, మునివేళ్ల మీద వణికేది. మాట మాత్రం తేట. ఎవరు ఏ గొర్రెను ఎప్పుడు అమ్మారో అన్నీ చెప్పేది. సంగీత కూలికి పోతే సత్తెమ్మ ఆ పిల్లను గొంగడిలో వీపుకు కట్టుకుని మంద వెంట పోయేది. నాయనమ్మ వీపు మీద నుంచే స్వర్ణ కూడా గొర్రెలను అదిలించేది, అదే గొంతుతో.

రెండు వేల నాలుగులో, స్వర్ణకు ఐదేళ్లు నిండినప్పుడు, నేనే పట్టుబట్టి వాళ్లను హైదరాబాదు తీసుకుపోయాను. డాక్టరు పిల్ల కాళ్లను మెల్లగా విడదీసి చూశాడు. కాళ్ల కండరాలు బిగుసుకుపోయాయని, వాటిని వదులు చేసే ఆపరేషన్ చేయాలని చెప్పాడు. ఆలస్యం చేస్తే తుంటి దగ్గర కీలు జారిపోతుందని, అది జారాక తాను చేయగలిగింది తక్కువని కూడా చెప్పాడు.

"నడుస్తదా సారూ?" అని అడిగింది సత్తెమ్మ.

"కర్ర పట్టుకుని నడుస్తుంది."

"కర్ర నా తాన ఉన్నది. ఇస్త" అంది.

దీపావళి ముందు ఒక తేదీ రాసిచ్చారు. ఇక మిగిలింది డబ్బు. కార్డు చూపిస్తే ఆపరేషన్ చేసే పథకాలు అప్పటికి రాలేదు. ఆ ఏడు వానల్లో మూతివాపు రోగం తగిలి సత్తెమ్మ మందలో సగానికి పైగా పోయింది. మిగిలినవన్నీ అమ్మినా డాక్టరు చెప్పిన ఖర్చులో ఒక మూలకు రావు. ధర్మేందర్ లారీ యజమానిని అడిగితే ఆయన మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు కులపెద్ద అచ్చయ్య ఇంటికి వచ్చాడు. అచ్చయ్య మా లచ్చయ్య మామకు వరుసకు అన్న. ఎప్పుడూ తెల్లటి పంచె, మెత్తటి మాట. నిజం చెప్పాలి, దారి చూపింది అతనే. గొర్రెల కాపర్లలో ఒక ఆనవాయితీ ఉంది. రోగం వచ్చి ఒకరి మంద తుడిచిపెట్టుకుపోతే, మిగతా ఇళ్లవాళ్లు ఇంటికో గొర్రె ఇచ్చి మళ్లీ మందను నిలబెడతారు. అప్పు కాదు, దానం కాదు. రేపు నా మంద పోతే నువ్విస్తావన్న నమ్మకం, అంతే.

"పైసలంటే ఎవని తాన ఉన్నయి సత్తెమ్మా" అన్నాడు అచ్చయ్య. "గొర్లున్నయి. ఇంటికో పొట్టేలు తీద్దాం, అంగట్ల అమ్ముదాం. మంద పోతే నిలబెట్టినోళ్లం, పిల్లను నిలబెట్టలేమా."

ఆ మాటకు సంగీత అచ్చయ్య కాళ్లు పట్టుకుంది. మా మేనత్తకు కాళ్లు పట్టుకోవడం తెలియదు. లోపలికి పోయి అతనికి చాయ పెట్టింది.

దసరా అయిన మరునాడు అచ్చయ్య దొడ్లోకి పొట్టేళ్లు వచ్చాయి. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అన్నీ మా వైపు నల్ల గొర్రెల జాతివి, ఒళ్లంతా దట్టమైన ఉన్ని. ఎవరూ కుంటిదాన్నో ముసలిదాన్నో తీసుకురాలేదు, మంచివే తెచ్చారు. దానికి వాళ్లను ఎన్నిసార్లయినా మెచ్చుకుంటాను. అవతలి వాడ నుంచి కృప కూడా వచ్చింది. కృప చర్చికి పోయే మనిషి, సంగీత పోయే నాట్ల ముఠాకు పెద్ద. ఆమెకున్నది ఒకే ఒక్క మేక. దాన్నే తాడు పట్టుకుని తెచ్చింది.

"అది గొర్లల్ల కలవది. ఆడ కట్టెయ్యి" అన్నాడు ముసలి దుర్గయ్య, దొడ్డి బయట ఉన్న కరెంటు స్తంభం చూపించి. దుర్గయ్య మాటల్లో మేక గురించిన అభ్యంతరం ఎంతో, కృప గురించిన అభ్యంతరం ఎంతో అందరికీ తెలుసు. కృప దాన్ని స్తంభానికి కట్టేసింది.

ఇక్కడే జరిగింది ఆ పని. బయటివాళ్లకు ఇది తెలియాలంటే రెండు ముక్కలు చెప్పాలి. మంద దూరం పోయేటప్పుడు మందలను కాచే దేవుడు లింగమంతుల సామి పేరు చెప్పి పసుపు చల్లుతారు. ఆ పసుపును బండారి అంటారు. దాన్ని మంద ముందు నేల మీద చల్లాలి. క్షేమంగా పోయి రమ్మని దానికి అర్థం. అదే బండారి గొర్రె వీపు మీద వేసి, నీళ్లు చల్లి, మొక్కు నోటితో అంటే లెక్క వేరు. గొర్రె ఒళ్లు విదిలించుకుంటే సామి ఒప్పుకున్నట్టు. ఇక ఆ గొర్రె సామిది. దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. సూర్యాపేట పక్కన ఆ సామి వెలసిన పెద్దగట్టు మీద జరిగే జాతర దాకా మేపి అక్కడ కోయాలి.

ఆ వేళ దొడ్డి నిండా జనం. పక్క ఊళ్ల వాళ్లు కూడా చూడటానికి వచ్చారు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని అచ్చయ్యకు తెలుసు. పసుపు పళ్లెం ఎత్తుకుని, అంగడికి పోయే మంద ముందు నేల మీద చల్లాల్సిన మనిషి, ఊపులో పొట్టేళ్ల మధ్యకు నడిచి వీపుల మీద చల్లుతూ పోయాడు. వెనకాలే ఎవరో అలవాటు కొద్దీ బిందె అందించారు. "లింగమంతుల సామీ, మా పిల్ల నడవాలె" అని గట్టిగా అని నీళ్లు కుమ్మరించాడు. చెవుల్లోకి నీళ్లు పోతే గొర్రె విదిలించుకోక ఏం చేస్తుంది? ఒకటి విదిలించింది, పక్కది విదిలించింది, మంద మొత్తం విదిలించింది. జనమంతా "ఓ లింగా" అన్నారు. మా మేనత్త కూడా అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

కేకలు తగ్గాక దుర్గయ్య కర్ర మీద గడ్డం ఆనించి అన్నాడు.

"ఇగ గివి సామివే గదరా."

 అచ్చయ్య చేతిలో పళ్లెం వంక చూసుకున్నాడు. ఆ క్షణంలో అతనికి అర్థమైంది, నేను చూశాను. ఆ క్షణంలోనే అతను "తప్పయింది, ఊపుల వీపు మీద వేసిన" అని ఉంటే అయిపోయేది. సామి తప్పు కాయడానికి ఒక కొబ్బరికాయ చాలు. కానీ ఇంతమంది ముందు అచ్చయ్య తప్పు చేశాడని అచ్చయ్యే ఎలా అంటాడు?

"సామి అడిగిండు, ఇచ్చినం" అన్నాడు, మెత్తగానే. "జాతరల మొక్కు చెల్లిద్దాం. సామి సల్లగ సూస్తే ఏ ఆపరేషనూ లేకుంటనే నడుస్తది."

జాతర మాఘంలో. ఆపరేషన్ దీపావళికి ముందు. ఈ రెండు ముక్కలు ఆ దొడ్లో ఉన్న అందరికీ తెలుసు.

మరునాడు నేను అచ్చయ్య ఇంటికి పోయాను. బతిమాలడానికే పోయాను, పోట్లాటకు కాదు.

"మామా, మీరు మొక్కుదామని తేలే, అమ్ముదామని తెచ్చిన్రు. గది సామికి తెల్వదా?"

"తెలుసు బిడ్డా. కని నోట్ల నుంచి మాట పోయింది. దేవుని కాడ మాట మారిస్తే ఊరందరికి సుట్టుకుంటది."

"అయితే వేరే పొట్టేళ్లు తీయున్రి."

"ఒక్కపారి ఇచ్చినోళ్లను మల్ల ఎట్ల అడగాలె? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే సెప్పు."

చదువుకున్నదాన్ని గనకే నాకు ఒకటి అర్థమైంది. జాతరలో కోసే ఆ పొట్టేళ్లను తినేది ఎవరు? అవే ఇళ్లవాళ్లు. పిల్ల కాళ్ల కోసమని ఇచ్చిన మాంసం తిరిగి వాళ్ల విస్తళ్లలోకే వస్తుంది. పుణ్యానికి పుణ్యం, కూరకు కూర. ఆ మాట వాళ్లలో ఒక్కరు కూడా పైకి అనలేదు, బహుశా లోపల కూడా అనుకోలేదు. నాకు ఇంకా మండేది అదే. దొంగతనమని తెలిసి చేసినవాడితో పోట్లాడొచ్చు. భక్తి అనుకుని చేసినవాడితో ఎక్కడ పోట్లాడాలి?

అచ్చయ్య దొడ్లో పొట్టేళ్లు మేత మేస్తూ బలుస్తుండగా ఆసుపత్రి తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు సంగీత పనికి పోలేదు. స్వర్ణ గడపలో కూర్చుని, "ఇయ్యాల్నే గద పోవాల్సింది" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. 

బండారి పడనిది ఒక్క కృప మేక మీదే. మందలో కలవనివ్వలేదు గనక అది దొడ్డి బయట ఉండిపోయింది, అందుకే అమ్మడానికి పనికొచ్చింది. అలా దూరం పెట్టిన మేకే ఆ పిల్లకు అక్కరకొచ్చింది. కృప దాన్ని కోదాడలో అమ్మి, డబ్బు తెచ్చి సత్తెమ్మ చేతిలో పెట్టింది. దాంతో ఆపరేషన్ కాదు గానీ, హైదరాబాదు పోయి మళ్లీ ఎక్స్‌రే తీయించడానికి సరిపోయింది.

డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు. కుడి తుంటి జారడం మొదలైందని, ఇంకా ఆగితే ఎడమది కూడా అదే దారి పడుతుందని చెప్పాడు. సంక్రాంతి తర్వాత ఇంకో తేదీ ఇచ్చి, ఈసారి తప్పొద్దన్నాడు.

 తిరుగు బస్సు సూర్యాపేట బస్టాండులో ఆగినప్పుడు మా మేనత్త నన్ను అడిగింది.

"కోడలా, బండారి దేని మీద పడ్డది?"

"పొట్టేళ్ల మీద."

"కాదు. సరిగ యాది చేస్కో" అంది.

మరునాడు పొద్దున, ఎండ ఎక్కాక, ఊళ్లో అందరూ మేలుకుని ఉన్న వేళ, ఆమె కత్తెర తీసుకుని అచ్చయ్య దొడ్లోకి నడిచింది. దొంగచాటు పని కాదు గనక దొంగ వేళ పోలేదు. వెనక సంగీత, సంగీత వెనక కృప. నేను స్వర్ణను ఎత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మేనత్త మొదటి పొట్టేలును పడేసి కాళ్లు కట్టి, మెడ దగ్గర కత్తెర పెట్టింది. పసుపు పట్టిన నల్లటి ఉన్ని దుప్పటి జారినట్టు జారి పడింది. కృప దాన్ని పోగు కూడా వదలకుండా మూటకు ఎత్తింది.

నాలుగోదో ఐదోదో కత్తిరిస్తుండగా అచ్చయ్య వచ్చాడు. వెనక సగం ఊరు.

"ఏం చేస్తున్నవ్ సత్తెమ్మా?"

"సామి సొమ్ము సామికి తీస్తున్న బావా."

"మొక్కిన గొర్లు గవి."

"బండారి దేని మీద పడ్డది? బొచ్చు మీద. నీళ్లు దేని మీద పడ్డయి? బొచ్చు మీద. గా బొచ్చంత మూట గడుతున్న, జాతరకు నా నెత్తి మీద పెట్టుకొని గట్టెక్కిస్త. సామిది పోగు కూడ నేనుంచుకోను. గొర్రె తోలు మీద పసుపు మరక ఉంటే సూపియ్యి, గిప్పుడే ఆపుత."

అచ్చయ్య వంగి చూడలేదు. దుర్గయ్య ముందుకొచ్చాడు.

"సామి ఒళ్లు విదిలిచ్చి ఒప్పుకున్నడు గదనే. దానికేమంటవ్?"

మా మేనత్త లేచింది. తొట్టిలో చెంబు ముంచి, కత్తిరించి వదిలిన పొట్టేలు నెత్తిన కుమ్మరించింది. చలికి అది తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. నీళ్లు దుర్గయ్య మొహాన పడ్డాయి.

"మల్ల ఒప్పుకున్నడు" అంది సత్తెమ్మ. "గీసారి అమ్మి పిల్లకు పెట్టుమంటున్నడు. నీకు ఇనపడలేదా?"

ఎవడో కుర్రవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. అచ్చయ్య మొహం మాడిపోయింది, గొంతు మాత్రం లేవలేదు. "ఇయ్యాల్టి నుంచి కులంతోని నీకు నీళ్లు నిప్పులు బందు" అన్నాడు. చేయి పట్టుకుని ఆపడానికి మాత్రం ఒక్కడూ రాలేదు. సగం గొరిగిన సామి గొర్రెను ముట్టుకుంటే ఏ పాపం చుట్టుకుంటుందోనని భయం. ఏ భయంతో వాళ్లు పిల్ల ఆపరేషన్ ఆపారో, అదే భయంతో ఆమె కత్తెరకు దూరంగా నిలబడ్డారు. ఆమె ఆఖరి పొట్టేలు దాకా కత్తిరించి, చేతులు కడుక్కుని బయటకు తోలుకుపోయింది.

సూర్యాపేట అంగడికి ఆమె కంటే ముందే కబురు పోయింది. అక్కడి బేరగాళ్లు పొట్టేళ్లను చూసి పక్కకు తప్పుకున్నారు. "గట్టు గొర్లు మాకొద్దమ్మా, మేం గీడ బతకాలె" అన్నాడు ఒకడు. ఆమె ట్రాలీ మాట్లాడుకుని మిర్యాలగూడ తోలింది. అక్కడ ఒక మాంసం వ్యాపారి బేరం చేస్తూ, ఇంత చలిలో ఎందుకు గొరిగావమ్మా అని అడిగాడట.

"మా ఊర్ల ఎవ్వరికి చలి పెట్టదు, అందరి ఒళ్లు కొవ్వు పట్టినయి" అని చెప్పిందట.

సంక్రాంతి తర్వాత ఆపరేషన్ అయింది. రెండు కాళ్లకూ పిండికట్లు వేశారు. నెలల తరబడి కట్లు, వ్యాయామాలు, ఏడుపులు. సంగీత పని మానేసి పిల్లను చూసుకుంది. ధర్మేందర్ నెల జీతం నెల నెలా పంపాడు, పండక్కో పబ్బానికో తప్ప ఇల్లు చూడని అతని మీద నాకున్న కోపం అక్కడితో కొంత తగ్గింది. కట్లు విప్పి చూసిన రోజున డాక్టరు ఎడమ కాలు బాగుందన్నాడు. కుడి తుంటి అప్పటికే బాగా జారిందని, తాను చేయగలిగినంత చేశానని, ఆ కాలు పొట్టిగానే ఉండిపోతుందని, పెద్దయ్యాక నొప్పి కూడా ఉంటుందని చెప్పాడు.

"ముందు ఇచ్చిన తేదీకి వచ్చి ఉంటే రెండూ దక్కేవి. ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశారు?" అని మందలించాడు.

ప్రతివాడికీ జవాబు చెప్పే మా మేనత్త ఆయనకు జవాబు చెప్పలేదు. తలవంచుకుని నిలబడింది. తప్పు చేసినవాడు ఊళ్లో తెల్ల పంచె కట్టుకుని తిరుగుతుంటే, తిట్లు తిన్నది ఈమె. నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కి ఆపింది. ఆ నొక్కుడు నాకింకా గుర్తుంది.

పిల్ల ఇంకా కట్లలో ఉండగానే, ఆ మాఘంలో జాతరకు ఆమె ఉన్ని మూట నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. కులపోళ్లు పక్కకు జరిగారు, మూట ఎవరూ అందుకోలేదు. ఒక బండ మీద పెట్టి, దండం పెట్టుకుని దిగి వచ్చింది. సామికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది ఆ ఊళ్లో ఆమె ఒక్కతే అని నేనంటాను.

తర్వాత ఆరేళ్లు ఆ ఇంటికి పెళ్లి పిలుపు లేదు, చావు కబురు లేదు. ఇంకెవరి మందలోనూ ఆమె గొర్రెలను కలవనివ్వలేదు. పక్క ఊళ్ల రైతులు మాత్రం మంద కట్టడానికి ఆమెనే పిలిచేవాళ్లు, ఎరువుకు కుల కట్టుబాటు ఉండదు గదా. స్వర్ణను ముందు రెండేళ్లు కృప సైకిలు మీద కూర్చోబెట్టి బడికి తోసుకుపోయింది. ఆ తర్వాత పిల్ల నాయనమ్మ కర్రను తన ఎత్తుకు కోయించుకుని తనే నడిచి పోయింది. ఎడమ కాలు తిన్నగా పడుతుంది, కుడి కాలుకు ఒళ్లంతా ఒక పక్కకు ఒరుగుతుంది. అలాగే ఏడో తరగతికి వచ్చింది.

రెండు వేల పదకొండు జాతరకు ఊరి మొగదాల ఒక ఫ్లెక్సీ లేచింది. ఆ ఏడు అచ్చయ్య గొర్రెల సంఘానికి అధ్యక్షుడిగా నిలబడాలనుకుంటున్నాడు. ఫ్లెక్సీ నిండా దండం పెడుతున్న అచ్చయ్య. కింద ఒక మూలన కర్రతో స్వర్ణ ఫోటో, బడిలో తీసిన దాన్ని పెద్దది చేయించింది. లింగమంతుల సామి దయ, మన కులబలం, మన బిడ్డ నడిచింది అని రాయించాడు. అది చాలదన్నట్టు ఆరేళ్ల తర్వాత మొదటిసారి సత్తెమ్మ గడప తొక్కాడు.

"అయిపోయినయి తవ్వుకునుడెందుకు సత్తెమ్మా. దేవరపెట్టె ముందర పిల్లను నడిపిద్దాం. కట్టుబాటు తీసేసినట్టే."

మా మేనత్త కర్ర కోసం అటూ ఇటూ చూసింది. అది స్వర్ణ చేతిలో ఉంది.

"నేనొస్త తాతా" అంది స్వర్ణ.

మేనత్త ఆ పిల్లను తినేసేలా చూసింది. స్వర్ణ అటు చూడలేదు. ఆ రాత్రి వాళ్లింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దున నేను కోదాడ నుంచి వచ్చేసరికి అచ్చయ్య దొడ్లో డప్పులు మోగుతున్నాయి. జాతరకు గట్టు దాకా ఊరేగించే, దేవుడి సామాను ఉన్న దేవరపెట్టెను పూలతో అలంకరించి మధ్యలో పెట్టారు. కాళ్లకు గజ్జెలు కట్టుకున్న మగవాళ్లు చుట్టూ నిలబడ్డారు. మా మేనత్త లోపలికి రాలేదు. కృపతో పాటు గేటు బయట, అదే కరెంటు స్తంభం దగ్గర నిలబడింది.

అచ్చయ్య మైకు తీసుకున్నాడు. డప్పులు ఆగాయి. ఆ పిల్ల కోసం మన ఇళ్ల నుంచి పొట్టేళ్లు తీశామని, సామికి బండారి వేసి అప్పగించామని, సామి కరుణించి కాలు నడిపించాడని చెప్పాడు. అన్నీ జరిగినవే, ఒక్కటీ నిజం కాదు. స్వర్ణ భుజం మీద చేయి వేసి, నడిచి చూపించమన్నాడు. పిల్ల దేవరపెట్టె దాకా నడిచింది. వెనక్కి తిరిగింది.

"తాతా, గీ ఎడమ కాలు సామి నడిపిచ్చిండు అంటున్నవ్."

"అవు బిడ్డా."

"మరి గీ కుడి కాలును ఎవరు ఆపిన్రు?"

మైకు అచ్చయ్య చేతిలోనే ఉంది. పిల్లకు అది అక్కర్లేకపోయింది. సత్తెమ్మ గొంతు అది, గేటు బయటిదాకా వినబడింది. అచ్చయ్య నవ్వు మొహం పెట్టి, పొద్దు పోతోందని, నడవమని మెత్తగా చెప్పాడు.

"నువ్వు సెప్పు, నడుస్త" అంది స్వర్ణ.

దేవరపెట్టె ముందు కర్ర ఆనించుకుని నిలబడిపోయింది. ఆమెను దాటి పెట్టె కదలకూడదు, ముందు నడవాల్సింది ఆమేనని అచ్చయ్యే అందరికీ చెప్పి ఉన్నాడు. పట్టుకుని పక్కకు లాగడానికి ఎవరికీ చేయి రాలేదు. దుర్గయ్య నేల చూశాడు. పొట్టేళ్లు ఇచ్చిన ఇళ్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గజ్జెలు కట్టుకున్నవాళ్లు కాళ్లు కదపకుండా నిలబడటానికి అవస్థ పడ్డారు.

ఆ ఊరి దేవరపెట్టె ఆ ఏడు గట్టుకు అందరికంటే ఆఖర్న చేరింది. ఎందుకింత ఆలస్యమైందని అక్కడ అడిగితే, ఒక్కరూ జవాబు చెప్పలేదట.